6జీ ప్రాజెక్టా? ముందు గోడ సంగతి తేల్చండి

ఎంటెక్ పిల్లలు నా దగ్గరికి పట్టుకొచ్చే మొదటి టైటిల్ దాదాపు ఒకటే: '6జీ కీలక సాంకేతికతలపై అధ్యయనం'. అది టైటిల్ కాదు బాబూ, సిలబస్. టెరాహెర్ట్జ్, ఏఐ, ఉపగ్రహాలు అన్నీ ఒకే రిపోర్టులో కుక్కితే వైవాలో దేనికీ జవాబు చెప్పలేరు. ఒక ఫ్రీక్వెన్సీ, ఒక వీధి, ఒక ప్రశ్న పట్టుకోండి.

ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023లో ఖరారు చేసిన ఐఎంటీ-2030 (6జీకి వాళ్లు పెట్టిన పేరు) ఫ్రేమ్‌వర్క్ ఒకసారి చదివి పక్కన పెట్టండి. ఫ్రీక్వెన్సీకి నా ఓటు 15 గిగాహెర్ట్జ్‌కే. 2027 ప్రపంచ రేడియో సదస్సు ముందున్న బ్యాండ్లలో 14.8 నుంచి 15.35 ఒకటి. పోల్చుకోవడానికి ఇప్పటి 5జీ వాడుతున్న 3.5 ఉండనే ఉంది.

ఇక కాగితం తీయండి. 3.5 నుంచి 15కి పోతే అదే దూరానికి సిగ్నల్ నష్టం 12.6 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే అందే పవర్ 18వ వంతుకు పడిపోతుంది. కంగారొద్దు. 30 సెంటీమీటర్ల చదరపు ప్యానెల్‌లో సగం తరంగదైర్ఘ్యం ఎడంతో యాంటెన్నాలు పేర్చండి: 3.5 దగ్గర 49 పడతాయి, 15 దగ్గర 900. భాగించి చూడండి, 18 పైచిలుకే. దూరంలో పోయింది ప్యానెల్‌లో వచ్చేసింది.

గోడ దగ్గర ఈ పప్పులుడకవు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల టీఆర్ 38.901 రిపోర్టు ఉచితంగానే దొరుకుతుంది, అందులో గోడల పట్టిక వెతకండి. కాంక్రీటు గోడ దాటితే పోయేదెంతో తేలాలంటే గిగాహెర్ట్జ్‌ను 4తో గుణించి 5 కలపాలి: 3.5 దగ్గర 19 డెసిబెల్స్, 15 దగ్గర 65! వేడిని ఆపే పూత అద్దానికి 24 కాస్తా 27.5 అవుతుంది, అంతే. మామూలు కిటికీ అద్దానికి 15 దగ్గర కూడా 5 మాత్రమే. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల టవర్లో ఇవాళ కాంక్రీటు కన్నా అద్దమే ఎక్కువ అడ్డం. 15లో లెక్క తిరగబడుతుంది. పాతబస్తీ గల్లీలో ఇంట్లోకి సిగ్నల్ రావాలంటే ఇక కిటికీయే దిక్కు.

ప్రశ్న ఇక్కడే పుడుతుంది: ఆ కిటికీకి ఎదురుగోడ మీద రిఫ్లెక్టింగ్ సర్ఫేస్ (సిగ్నల్‌ను కావలసిన వైపు తిప్పికొట్టే పలక) పెట్టాలా, చిన్న రిపీటరా (సిగ్నల్‌ను పెంచి మళ్లీ పంపే పెట్టె)? పేపర్లన్నీ సర్ఫేస్‌నే మోస్తున్నాయి. నాకు రిపీటర్ మీదే గురి. తప్పని తేలితే మరీ మంచిది, మీకు పేపరొస్తుంది.

సిమ్యులేషన్‌కు ఎన్విడియా వాళ్ల సియోనా రే ట్రేసర్ (తరంగాలు గోడలకు తగిలి ఎటెటు పోతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) వాడండి, ఓపెన్‌సోర్సే. భవనాల ఆకారాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చుకోండి. ఎత్తులు లేనిచోట గల్లీలో నడిచి అంతస్తులు లెక్కబెట్టి, అంతస్తుకు 3 మీటర్లు వేసుకోండి.

మోడల్‌ను ముందు 3.5 దగ్గర సరిచూడండి. ఫోన్లో నెట్‌వర్క్ కొలిచే యాప్ పెట్టుకుని కిటికీ దగ్గరా, లోపలి గదిలోనూ ఆర్ఎస్ఆర్‌పీ (ఫోన్‌కు అందే సిగ్నల్ బలం) రాసుకోండి. లోపలికెళ్లగానే ఫోన్ చడీచప్పుడు లేకుండా తక్కువ బ్యాండ్‌కు దిగిపోవచ్చు. రెండు చోట్లా ఎన్78 (3.5 ఉన్న 5జీ బ్యాండ్), అదే సెల్ ఐడీ (సిగ్నల్ ఇచ్చే సెల్ నంబరు) ఉంటేనే ఆ కొలతలు పనికొస్తాయి.