సంతలో కొన్న కోడి నలతగా ఉంటే

సంతలో కొన్న కోడిపెట్టను ఇంటికి తెచ్చి గంప కింద మూసిన సాయంత్రం అది మేత ముట్టకుండా, ఈకలు ఉబ్బించుకొని, కళ్లు సగం మూసి మూలకు ముడుచుకొని ఉంటే వెంటనే మందుల కోసం పరుగెత్తనవసరం లేదు. కాళ్లు కట్టి, తలకిందులుగా వేలాడదీసి, ఎండలో గంటల తరబడి నీళ్లు లేకుండా మోసుకొచ్చిన ఏ కోడైనా ఆ పూట అలాగే ఉంటుంది. అయితే కొక్కెర తెగులు కూడా మొదట అదే రూపంలో వస్తుంది కాబట్టి, అలసటో జబ్బో తేలేవరకు దానిని జబ్బుకోడిగానే చూసుకోవాలి.

కొత్త కోడిని ఇంటి కోళ్లకు దూరంగా, దాని మీదుగా వీచే గాలి వాటి వైపు రాని చోట 21 రోజులు ఉంచండి. పశువైద్యులు రాణిఖేత్ అని పిలిచే ఈ తెగులు సోకిన తరువాత సాధారణంగా అయిదారు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు గాని బయటపడదు. నాలుగేళ్ల కిందట, టీకాలన్నీ వేయించామన్న అమ్మకందారు మాట నమ్మి, ఒక పెట్టను ఆ రాత్రే మా గూట్లోకి వదిలాను. పది రోజులు తిరగకుండా పదకొండు కోళ్లలో రెండే మిగిలాయి. అప్పటినుంచి మేత వేయడంలో కూడా వరస తప్పను: ముందు ఇంటి కోళ్లకు, చివర కొత్తదానికి వేసి, సబ్బుతో చేతులు కడుక్కుంటాను. దాని నీళ్ల చిప్పను, ఆ గూటి దగ్గర వేసుకునే చెప్పులను విడిగా ఉంచుతాను.

కాళ్లకు కట్టిన పురికొసను విప్పి, ఒరిపిడి పుండు ఉందేమో చూసి, నీడలో శుభ్రమైన నీళ్లు పెట్టడం మొదటి పని. లీటరు నీటిలో చెంచాడు బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి ఆ ఒక్క పూటకు ఇవ్వవచ్చు. కోళ్లు ఎక్కువ ఉప్పును తట్టుకోలేవు కనుక చిటికెడు దాటకూడదు. తాగకపోతే ముక్కు కొనను మెల్లగా నీటిలో తడిపి వదిలేయాలి. నోరు తెరిచి నీళ్లు పోయడం మన ఇళ్లలో చాలామంది చేసే పొరపాటు: కోడికి నాలుక మొదట్లోనే శ్వాసనాళం ద్వారం ఉంటుంది, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి బతికే కోడి కూడా చనిపోతుంది. తాగడం మొదలుపెట్టాక తడిపిన నూకలు గుప్పెడు వేస్తే చాలు.

రాత్రి గంప కింద పాత వార్తాపత్రిక పరచండి; తెల్లవారేసరికి సగం సంగతి ఆ కాగితమే చెబుతుంది. గోధుమరంగు ముద్దమీద తెల్లని పూతలా ఉంటే అది ఆరోగ్యమైన రెట్ట. మధ్యమధ్య జిగటగా, ముదురు రంగులో, ఘాటైన వాసనతో పడేది కూడా సహజమే. పచ్చని రెట్ట చూడగానే తెగులేనని భయపడతాం గాని, ఖాళీ కడుపుతో ఉన్న కోడి కూడా పచ్చగానే వేస్తుంది. మేత తిన్న మరునాటికి రంగు మారితే అది ఆకలి వల్ల వచ్చినదే. నీళ్లలాంటి పచ్చని, తెల్లని విరేచనాలతో పాటు నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం, కాలో రెక్కో పడిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. నెత్తురు కలిసిన రెట్ట రక్త పారుడు అనే పేగుల జబ్బుకు గుర్తు కావచ్చు. దానికి సమయానికి ఇస్తే పనిచేసే మందులున్నాయి.

తరువాత కోడిని చంకన పెట్టుకొని రొమ్ము ఎముకను తడిమి చూడండి. అది కత్తి అంచులా చేతికి తగిలితే ఆ కోడి ఈ ప్రయాణంలో చిక్కలేదు, వారాల కిందటే చిక్కింది. పొద్దున్నే మెడ దిగువన మేత నిలిచే తిత్తిని పట్టి చూడండి. రాత్రికి ఖాళీ కావలసిన ఆ తిత్తి ఇంకా గట్టిగా ఉంటే మేత అడ్డుపడినట్లే. తోక కింద ఈకలు విడదీసి చూస్తే పేలు పరుగెడుతూ, ఈకల మొదళ్లలో తెల్లని గుడ్లు గుత్తులుగా అంటుకొని కనబడవచ్చు. పాలిపోయిన జుట్టుకు పేలు, గోమార్లు, కడుపులోని పురుగులే తరచుగా కారణం.

మనుషులకు రాసిన యాంటీబయాటిక్ బిళ్లలను ముక్కలు చేసి వేయవద్దు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది, దాని మీద అవి పనిచేయవు. పైగా ఆ మందు గుడ్లలోకి చేరుతుంది. కొక్కెర తెగులుకు టీకా తప్ప చికిత్స లేదు, ఆ టీకాను కూడా ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే వేయించాలి. రెండో రోజుకీ కోడి తేరుకోకపోతే రెట్ట ఉన్న కాగితంతో సహా పశువైద్యశాలకు తీసుకువెళ్లండి; తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవను అడగవచ్చు.

ముఖం వాచి, జుట్టు నీలిరంగుకు తిరిగి, ఒకదాని వెంట ఒకటి హఠాత్తుగా చనిపోతుంటే మాత్రం కోళ్లను ఎక్కడికీ తరలించకుండా పశువైద్యాధికారికి కబురు చేయాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మనకు తెలిసినదే. అలాంటి కోడిని కోసుకోవడం, అమ్మడం, కాలువలో పారేయడం తగదు. అధికారి చెప్పిన విధంగా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

కోలుకున్న కోడి మొట్టమొదట ఈకలు సర్దుకుంటుంది, ఆ తరువాతే కాళ్లతో నేల గీరుతుంది. బూడిద, పొడిమట్టి కలిపి గంప పక్కన పోస్తే అందులో పొర్లి పేలను చాలావరకు తానే వదిలించుకుంటుంది. 21 రోజులు నిండాక రెండు రోజులు గంపను ఇంటి కోళ్లకు కనబడేలా పెరట్లో ఉంచి, మూడో రాత్రి అవన్నీ నిద్రపోయాక మెల్లగా తీసుకెళ్లి గూట్లో వాటి పక్కన కూర్చోబెట్టండి.