గ్రాడ్యుయేషన్ పార్టీకి ఇంటి అలంకరణ: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు డిగ్రీయో బీటెక్కో పూర్తి చేస్తే ఇప్పుడు ఇంట్లోనే చిన్న పార్టీ పెడుతున్నారు. చాలా మంచి పని. ఆ ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అయితే మరీ మంచిది. కానీ మనం చూసి నేర్చుకునే వీడియోల్లో డెకరేషన్ అంతా ఏసీ గదిలో, నున్నటి గోడ మీద చేసి ఉంటుంది. మన ఇంట్లో డిస్టెంపర్ గోడ, ఆపడానికి వీల్లేని ఫ్యాన్, ఉక్కపోత, సాయంత్రం పూట వాన ఉంటాయి. తేడా కొట్టేది దాదాపు ఎప్పుడూ అక్కడే. అందుకని సామాను కొనక ముందే గోడ ఎలాంటిది, ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుంది, ప్లగ్గులు ఎక్కడున్నాయి అన్నది ఒకసారి చూసుకోండి. కింద చెప్పినవాటిలో సగం సమస్యలు రాకుండానే పోతాయి.

బ్యానర్ మీద ఒత్తులు విడిపోయాయి

నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. బెలూన్ పేలితే ఇంకోటి కట్టుకోవచ్చు. పిల్ల పేరు తప్పుగా పడితే ఆ తప్పు ప్రతి ఫోటోలోనూ ఉండిపోతుంది.

ఎలా కనిపిస్తుందంటే, ‘లక్ష్మి’ అని ఉండాల్సిన చోట క్, ష్, మి అని వేటికవే విడివిడిగా పడతాయి. లేదా ఒత్తు అక్షరం కింద కాకుండా పక్కకు జరిగిపోతుంది. ఇంకోరకం కూడా ఉంది: మీరు పంపిన తెలుగు అసలు తెలుగులాగే కనిపించదు, అంతా పిచ్చి గుర్తులు, డబ్బాలు.

మొదటిదానికి కారణం ఫ్లెక్స్ షాపులో వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్. భారతీయ భాషల అక్షరాలను కలిపి కూర్చే సెట్టింగ్ అందులో ఆన్ చేసి ఉండకపోతే వాట్సాప్‌లో మీరు పంపిన మాటను అక్కడ పేస్ట్ చేయగానే ఒత్తులు ఊడిపోతాయి. రెండోదానికి కారణం ఫాంటు. మన ఫోన్లో టైప్ చేసేది యూనికోడ్, అంటే ఫోన్లన్నిటికీ ఒకే తీరున ఉండే అక్షరాల పద్ధతి. షాపులో పాత పద్ధతి తెలుగు ఫాంటు ఉంటే ఆ రెండూ కలవవు. పైగా ఒడిశా వైపు షాపుల్లో పనిచేసే కుర్రాళ్లకు ఒడియా, ఇంగ్లీషు వచ్చు కానీ తెలుగు చదవడం చాలామందికి రాదు. తప్పు పడినా వాళ్లకు తెలియదు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, కాబట్టి చూసుకునే బాధ్యత మనమే తీసుకోవాలి.

చేయాల్సింది ఒకటే: షాపులో తెలుగు టైప్ చేయించకండి. ఇంట్లోనే ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో డిజైన్ పూర్తి చేసి, పెద్ద సైజు పీఎన్‌జీ (PNG) బొమ్మగా సేవ్ చేసి ఇవ్వండి. అక్షరాలు బొమ్మగా మారిపోతాయి కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా కదలవు. డిజైన్ తెలిసిన పిల్లలుంటే ‘కన్వర్ట్ టు కర్వ్స్’ చేయమనండి, అదే పని. అదీ కుదరకపోతే సరిహద్దు దాటి ఆంధ్రలో తెలుగు డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని) చేసేవాళ్ల దగ్గర చేయించుకోవచ్చు. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం, రాయగడ వాళ్లకు పార్వతీపురం, జయపురం వాళ్లకు సాలూరు.

ఫాంటు కోసం వెతుకుతుంటే గూగుల్ ఫాంట్స్‌లో ‘గిడుగు’ అనే ఉచిత ఫాంటు చూడండి. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసి, సవర భాషకూ వాడుక తెలుగుకూ జీవితాన్ని ధారపోసిన గిడుగు వెంకట రామమూర్తి గారి పేరు దానికి పెట్టారు. పెద్ద అక్షరాలకు బాగా నప్పుతుంది. ఈ ప్రాంతంలో చదువుకున్న పిల్ల పేరు ఆ ఫాంటులో పడితే అంతకంటే ఏం కావాలి? ఇంకా లావు అక్షరాలు కావాలంటే ‘రామభద్ర’ ఉంది.

ప్రింటుకు ముందు ప్రూఫ్ (సరిచూసుకునే నమూనా) అడిగి తీరాలి. దాన్ని మీరొక్కరే చూడకండి. తాతగారికో అమ్మమ్మకో ఇచ్చి పైకి చదవమనండి. డిజైన్ చేసినవాళ్ల కళ్లు తప్పును దాటేస్తాయి.

ఇక ఏ భాషలో వేయాలన్న గొడవ. ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగు, పక్కింటివాళ్లకూ కాలేజీ మాస్టార్లకూ ఒడియా, స్టేటస్‌కు ఇంగ్లీషు అని మూడు భాషల్లో మూడేసి లైన్లు కొట్టిస్తే అక్షరాలు చిన్నవైపోయి ఎవరికీ కనపడవు. పేరు తెలుగులో పెద్దగా, కనీసం నాలుగంగుళాల ఎత్తున ఉండాలి. దాని కింద ఒడియాలో ఒక్క లైను, డిగ్రీ పేరు ఇంగ్లీషులో. ఇంతే చాలు. ఒడియా లైనును ఒడియా స్నేహితుల చేత చదివించండి. ఒత్తులు విడిపోయే బాధ ఆ లిపికీ ఉంది.

బ్యానర్‌లో ఫోటో మసకగా వచ్చింది

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది సైజు కుదించేస్తుంది. అదే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపండి. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్స్‌కు అంగుళానికి 72 చుక్కల లెక్కన వేసుకున్నా 5184 × 3456 పిక్సెళ్లు కావాలి. గ్రూపులో తిరిగి తిరిగి వచ్చిన ఫోటోకు అంత ఉండదు. తీసిన ఫోన్లోంచే నేరుగా తీసుకోండి.

ఇక్కడే ఇంకో మాట. 2022 జులై 1 నుంచి దేశమంతటా 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్లు, అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు నిషేధం. షాపువాళ్లు ఇస్తామన్నా తీసుకోకండి. థర్మోకోల్ అక్షరాల బదులు అట్టపెట్టెల అట్ట కోసి రంగు కాగితం అతికిస్తే చక్కగా ఉంటాయి. జీలుగు బెండు పని చేసేవాళ్లు దొరికితే ఇంకా బాగుంటుంది.

టేపు నిలవడం లేదు, లేదా సున్నంతో సహా ఊడొస్తోంది

అరచేతిని గోడ మీద గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో డిస్టెంపరో. టేపు అంటుకునేది ఆ పొడికే కానీ గోడకు కాదు. కాబట్టి ఎంత ఖరీదైన టేపు తెచ్చినా గంటలో ఊడుతుంది. అలాంటి గోడకు టేపు ఆలోచనే మానేయండి. క్యాలెండర్లకూ ఫోటోలకూ ముందే కొట్టిన మేకులు, కిటికీ ఊచలు, కర్టెన్ రాడ్లు ఉంటాయి కదా. వాటి మధ్య పురికొస బిగించి, దండలూ అక్షరాలూ దానికి వేలాడదీయండి. పెంకుటిల్లయితే దూలాలు, వాసాలు ఉండనే ఉన్నాయి, గోడతో పనే లేదు.

చేతికి పొడి అంటకపోతే అది ఎమల్షన్ పెయింట్. పొడి గుడ్డతో తుడిచి, ముందు పేపరు మాస్కింగ్ టేపు వేసి, దాని మీద డబుల్ సైడ్ టేపు వేయండి. తీసేటప్పుడు పెయింట్ లేవదు.

పార్టీ కోసమని అప్పుడే రంగులు వేయించి, మర్నాడే టేపు అంటించేవాళ్లున్నారు. రంగు పైకి ఆరినా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. దానికి ఏదీ అతికించకూడదు. చెమ్మ దిగిన గోడకూ అంతే. రెండు బకెట్ల నిండా ఇసుక పోసి, చెరో వెదురు గడ నిలబెట్టి, పైన అడ్డంగా ఇంకో గడ కట్టండి. స్టాండు తయారు.

బెలూన్లు పేలుతున్నాయి, మసకబారుతున్నాయి

ఎప్పుడు పేలాయో చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. ఎండ తగలగానే పేలితే లోపలి గాలి వేడికి వ్యాకోచించిందన్నమాట. గోడకు ఆనుకున్నవే పేలుతుంటే గోడ గరుకుగా ఉంది. ఊదుతుండగానే పేలితే మరీ ఎక్కువ ఊదుతున్నారు. బెలూన్ గుండ్రంగా ఉన్నంతవరకు సరే, బేరిపండు ఆకారంలోకి సాగిందంటే హద్దు దాటినట్టే. పన్నెండంగుళాల బెలూన్‌ను పదంగుళాల దగ్గర ఆపేయండి. వసారాలో కట్టాలనుకుంటే అది ఇంకా ముఖ్యం.

మెరుపు పోయి పాలు పోసినట్టు మసకబారడానికి కారణం ఎండా, గాలీ. రబ్బరు పైపొర గాలితో కలిసి అలా అయిపోతుంది, దాన్ని వెనక్కి తేలేం. అందుకే ముందురోజు రాత్రే ఊది పెట్టకుండా పార్టీ రోజు మధ్యాహ్నం ఊదుకోండి. చేతి పంపు ఉంటే ఇద్దరు పిల్లలు కూర్చుని చేసేస్తారు.

పైకి తేలే గ్యాస్ బెలూన్ల గురించి మాత్రం గట్టిగా చెబుతున్నా. హీలియం ఖరీదు. చవగ్గా నింపి ఇచ్చే చోట అది హైడ్రోజన్ అయ్యే అవకాశం ఎక్కువ. హైడ్రోజన్ నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కేకు మీద కొవ్వొత్తి, దేవుడి గదిలో దీపం, ఎవరి చేతిలోనో అగ్గిపుల్ల, ఏదైనా చాలు. పిల్లలు తిరిగే ఇంట్లోకి వాటిని రానివ్వకండి. మామూలు గాలి నింపి, దారంతో పైనుంచి వేలాడదీస్తే ఫోటోలో తేడా కూడా తెలియదు.

రంగు కాగితాలు ఫ్యాన్‌లో చుట్టుకున్నాయి

ఫ్యాన్ కప్పు నుంచి నలువైపులకూ కాగితాలు లాగి కడితే ఇంతే. ఆ ఉక్కలో ఎవరో ఒకరు తప్పకుండా స్విచ్ వేస్తారు. గది మధ్యను వదిలేసి గోడల వెంబడే కట్టండి. ఫ్యాన్ రెక్కలకు రెండడుగుల దూరంలో ఏదీ ఉండకూడదు.

సీరియల్ లైట్లు సగం వెలగడం లేదు, ఎంసీబీ పడిపోతోంది

సీరియల్ సెట్‌లో బల్బులు కొన్ని కొన్ని కలిపి వరసగా ఉంటాయి. ఒక వరసలో ఒక బల్బు పోయినా, తీగ తెగినా ఆ వరస మొత్తం ఆరిపోతుంది. ప్లగ్ తీసేసి వదులైన బల్బు కోసం చూడండి. తీగ తెగి, ఎవరో మామూలు సెల్లో టేపు చుట్టి ఉంటే ఆ సెట్ పారేయండి. బాగుచేయొద్దు.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్) పడుతుంటే అందరూ లైట్లను తిడతారు. ఎల్‌ఈడీ సెట్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఆరు ఆంపియర్ల ప్లగ్ 230 వోల్టుల దగ్గర మోసేది సుమారు 1380 వాట్లు. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎవరో ఇస్త్రీ పెట్టెనో టీ కెటిల్‌నో తగిలించి ఉంటారు, వెతకండి. వాన పడ్డాకే పడుతుంటే మాత్రం గేటు దగ్గరో డాబా మీదో తీగ అతుకు తడిసింది. మెయిన్ ఆపి, ఆరనిచ్చి, అతుకును నీళ్లు చేరని ఎత్తులో కట్టాలి. తడి చేత్తో ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

వానాకాలం రాత్రి తెల్ల లైట్లకు ఈసుళ్లు కమ్ముకుంటాయి. పసుపు రంగు లైట్లకు తక్కువగా వస్తాయి.

పూలు సాయంత్రానికి నల్లబడ్డాయి

బంతిపూలను ప్లాస్టిక్ సంచిలోనే ఉంచేస్తే లోపల వేడి పుట్టి మగ్గిపోతాయి. తెచ్చిన వెంటనే విప్పి, నీడలో తడిగుడ్డ మీద పలచగా పరవండి. నీళ్లు ముద్దగా చల్లొద్దు. పడమటి ఎండ పడే గుమ్మానికి మధ్యాహ్నమే దండ కట్టకండి. మామిడాకులు తెల్లవారే కోసి, కాసేపు నీళ్లలో వేసి తోరణం కడితే త్వరగా ముడుచుకోవు.

గంజాం జిల్లా మొగలిపువ్వుకు భౌగోళిక గుర్తింపు ఉంది, వానల్లో బాగా దొరుకుతుంది. కూర్చునే గదిలో ఒక మూల ఒక్క పువ్వు పెడితే చాలు, ఏ రూమ్ స్ప్రే అక్కర్లేదు. ఆకు అంచులకు ముళ్లుంటాయి, పసిపిల్లలకు అందనివ్వకండి.

వాకిట్లో ముగ్గు చెరిగిపోయింది

పొడి ముగ్గు కాలు తగిలితే చెరుగుతుంది. ఒడియా ఇళ్లలో ఝోటి (వాళ్ల ముగ్గు) పెట్టేది బియ్యప్పిండి నీళ్లలో కలిపి. పొడి నేల మీద వేస్తే ఆరి పట్టుకుంటుంది. డిగ్రీ టోపీ బొమ్మను దాంతోనే, నడిచే దారికి పక్కగా వేయండి.

ఫోటోల్లో ముఖాలు నల్లగా, వెనక తళతళ

కిటికీని వెనక పెట్టుకుని నిలబడితే ముఖాలు నల్లగానే వస్తాయి. ఫోటోల గోడను కిటికీకి ఎదురుగా మార్చండి. తళతళకు కారణం రేకు కర్టెన్. అది ఫ్లాష్ వెలుతురును వెనక్కి కొడుతుంది.

నన్నడిగితే రేకు కర్టెన్ అసలు కొనకండి. ఇంట్లో బరంపురం పట్టు చీరలుంటాయి. వాటి ఫొడా కుంభ (గుడి గోపురాల్లాంటి డిజైను) అంచు వెనక కనిపిస్తే ఆ ఫోటో ఏ ఊరిదో చూడగానే తెలుస్తుంది. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. రాడ్ మీద సగానికి మడిచి వేస్తే తొమ్మిది అడుగులు దిగుతుంది. నేలకు ఆనితే పైన ఇంకో మడత వేయండి. ఒక చీరకు నాలుగడుగుల వెడల్పు వస్తుంది కాబట్టి నలుగురైదుగురు నిలబడే ఫోటోకు రెండు చీరలు కావాలి. పిన్నీసులు గుచ్చొద్దు, పట్టు దారం తెగుతుంది. రాడ్ మీద ముందు పాత నూలు గుడ్డ చుట్టి, చీర వేసి, క్లిప్పుకూ చీరకూ మధ్య గుడ్డముక్క పెట్టి బిగించండి. హారతి పళ్లెం, నూనె దీపం ఆ వైపు రాకూడదు.

సర్టిఫికెట్‌కు టేపు మరక పడింది

ఒరిజినల్ సర్టిఫికెట్ గోడకెక్కకూడదు. కలర్ జిరాక్స్ తీయించి ఫ్రేములో పెట్టండి. అందంగా ఉంటుందని ఒరిజినల్‌కు ల్యామినేషన్ కూడా చేయించకండి, తర్వాత దాని మీద ముద్రలు వేయించాల్సి వస్తే ఇబ్బంది. మరక పడే ఉంటే నూనెలతో, స్పిరిట్‌తో రుద్దకుండా అలాగే వదిలేయండి.

పార్టీ అయ్యాక

ఎమల్షన్ గోడ మీద మిగిలిన టేపు జిగురును హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేస్తే మెత్తబడి వస్తుంది. బెలూన్ ముక్కలన్నీ ఏరేయండి, వీధిలో ఆవులు తినేస్తాయి. ఫ్లెక్స్‌ను మాత్రం చలిమంటలో వేయొద్దు. పీవీసీ కాలితే ఘాటైన విషవాయువులు వస్తాయి. పేరున్న భాగం కత్తిరించి దాచుకుని, మిగతాది వానాకాలంలో కట్టెల మీదో బండి మీదో కప్పుకోండి.