బ్యాటరీ మార్చినా చార్జింగ్ నిలవడం లేదా?

పొద్దున 100 శాతంతో బయల్దేరితే భోజనాల వేళకి 20కి దిగుతుంది. ముట్టుకోకపోయినా జేబులో ఫోన్ వెచ్చగా ఉంటుంది. నా ఫోన్ రిపేరు షాపుకి వచ్చేవాళ్ల మొదటి మాట: "బ్యాటరీ పోయింది, మార్చెయ్యండి."

రెండు రాత్రులు ఆగండి. మొదటి రాత్రి ఫ్లైట్ మోడ్ పెట్టి పడుకోండి, రెండో రాత్రి మామూలుగా. మొదటిసారి రెండు మూడు శాతమే తగ్గి, రెండోసారి పాతిక తగ్గితే బ్యాటరీ బాగానే ఉంది, చాలావరకు ఏదో యాప్ తినేస్తోంది. రెండుసార్లూ ఒకేలా బాగా పడిపోతే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ ఆన్ అయ్యే పద్ధతి) ఇంకో రాత్రి చూడండి. అప్పుడూ పడిపోతేనే బ్యాటరీ. పైసా ఖర్చులేని పరీక్ష, అయినా ఎవరూ చెయ్యరు.

నన్ను ముంచిన కారణం

సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిస్తే చాలాసార్లు పైన గూగుల్ ప్లే సర్వీసెస్ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో మిగతా యాప్‌లకి పనిచేసిపెట్టే గూగుల్ ప్రోగ్రాం) ఉంటుంది. అందరూ దాన్నే తిడతారు. కానీ ఎక్కువ యాప్‌లు లొకేషన్ అడిగేది దాని ద్వారానే, కాబట్టి వాటి ఖర్చు దాని ఖాతాలో పడుతుంది. ఇది తెలియక ఓ డెలివరీ కుర్రాడి ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేశాను. మూడోరోజు మళ్లీ వచ్చాడు. తీరా చూస్తే, ఎప్పుడో మానేసిన ఉద్యోగం తాలూకు హాజరు యాప్ అతను ఎక్కడున్నాడో ఇంకా కనుక్కుంటూనే ఉంది! డేటా అతనిది, బ్యాటరీ డబ్బులూ అతనివే, మళ్లీ విప్పిన కూలి నాది. ఆ యాప్ రాసినవాళ్లకి రూపాయి నష్టం లేదు, ఇక సరిచేసే తొందర ఎందుకుంటుంది?

సెట్టింగ్స్‌లో లొకేషన్ తెరిచి, ఈమధ్య ఏ యాప్‌లు వాడుకున్నాయో చూడండి. దొంగ అక్కడ దొరుకుతాడు. అక్కర్లేని యాప్ అయితే తీసెయ్యండి. కావాలంటే పర్మిషన్‌ని "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చండి, 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుంచీ ఆ సదుపాయం ఉంది. (ఇప్పటి ఆఫీసు యాప్ అయితే ముందు అడగండి, హాజరు పడకపోతే నన్ననొద్దు.) నోటిఫికేషన్లలో ఎప్పుడు చూసినా ఒకటి కదలకుండా కూర్చుని ఉంటే దాన్నీ అనుమానించండి. వెనకాల నడిచే యాప్‌లకి లొకేషన్ గంటకి కొన్నిసార్లే ఇవ్వాలని ఆండ్రాయిడ్ 8 కట్టడి పెట్టింది. అలా నోటిఫికేషన్ చూపిస్తూ నడిచేవాటికి ఆ కట్టడి లేదు.

వైరస్, చార్జర్ తేడా లాంటివి అరుదు, వదిలెయ్యండి. సిగ్నల్ అందని చోట ఉంటే టవర్ వెతుక్కుంటూ కూడా చార్జింగ్ ఖాళీ అవుతుంది, అది యాప్ తప్పు కాదు.

బ్యాటరీ సేవర్, ర్యామ్ క్లీనర్ అంటూ యాప్‌లు వేసుకున్నవాళ్లు మాత్రం ముందు వాటిని తీసి రండి. అవీ వెనకాల నడిచేవే.