గేమ్ సౌండ్‌ట్రాక్ ఎల్‌పీ (వినైల్ రికార్డు) కవర్: డిజైన్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• గేమ్ లోగో, పాత్రల బొమ్మలు పబ్లిషర్ లేదా గేమ్ తయారుచేసినవాళ్ల సొత్తు. రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే పని మొదలెట్టండి. ఫాంట్ లైసెన్సు వేరు; గేమ్ కోసం కొన్నది కవర్‌కు వర్తించకపోవచ్చు.

• రికార్డు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి టెంప్లేట్ (కవర్ కొలతల నమూనా ఫైలు) ముందే తెప్పించుకోండి. 12 అంగుళాల రికార్డు కవర్ సుమారు 315 మిల్లీమీటర్ల చదరం, కానీ స్పైన్ (కవర్ పక్క అంచు) మందం ఫ్యాక్టరీని బట్టి మారుతుంది. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్ గీత దాటి పరిచే అదనపు బొమ్మ) లేకపోతే, కటింగ్‌లో బ్లేడు కాస్త జరిగినా అంచున తెల్లగీత తేలుతుంది.

• అసలు చిక్కంతా బొమ్మ, రంగుల దగ్గరే. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) ఒక్కో వైపు 3,700 పిక్సెళ్లు పైనే కావాలి. 1920×1080 స్క్రీన్‌షాట్‌ను సాగదీస్తే మసకబారుతుంది. ఒరిజినల్ ఆర్ట్ ఫైళ్లే అడగండి. తెరమీద మెరిసే నియాన్ నీలం, ఆకుపచ్చ సీఎంవైకేలోకి (ముద్రణలో వాడే నాలుగు సిరాల పద్ధతి) మారగానే చప్పబడిపోతాయి. కాగితం మీద ప్రూఫ్ (నమూనా ముద్రణ) చూడనిదే సరే అనొద్దు. సన్న అక్షరాలకు ఒక్క నల్లసిరానే వాడండి. నాలుగు రంగులు కలిపితే ముద్రణ ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన రంగునీడ పడుతుంది.

• వెనకవైపు ట్రాక్ పేర్లలో కథ ముగింపు బయటపడుతోందేమో స్వరకర్తతో కలిసి చూసుకోండి. ఆడేవాళ్ల ఆనందం పాడుచేయకూడదు.

• స్ట్రీమింగ్‌కు 3000×3000 పిక్సెళ్ల ఆర్‌జీబీ (తెరల రంగుల పద్ధతి) ఫైలు విడిగా చేయండి. ఫోన్‌లో గోరంత కనిపించినా పేరు చదవగలగాలి.