చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే బ్రష్ ఆపవద్దు

పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు నురగలో ఎర్రటి చార కనిపిస్తే చాలామంది ఆ వైపు బ్రష్ ఆనించడమే మానేస్తారు. బ్రష్ గుచ్చుకుందనీ, రెండు రోజులు వదిలేస్తే అదే మానుతుందనీ అనుకుంటారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న చిగురు మెత్తటి బ్రష్ తగిలినంత మాత్రాన రక్తం కార్చదు. పంటికీ చిగురుకూ మధ్య పాచి పేరుకుని చిగురు వాచినందువల్లనే సాధారణంగా రక్తం వస్తుంది కనుక, అక్కడ తోమడం ఆపితే వాపు మరింత ముదురుతుంది.

పాచి అంటే సూక్ష్మక్రిములు పంటిమీద కట్టుకునే జిగట పొర. దాన్ని రోజూ తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది; గార ఒకసారి పట్టిందంటే ఎంత తోమినా ఊడదు. 1965లో వెలువడిన ఒక డెన్మార్క్ పరిశోధనలో, ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది పళ్లు తోమడం పూర్తిగా మానేస్తే 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో ఆ వాపు తగ్గిపోయింది. తొలిదశలో ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కరలేదు. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో వాపు లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే దవడ ఎముకను కరిగిస్తుంది. అలా పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

ఈ వ్యాధి చాలాకాలం నొప్పి పెట్టదు, అందుకే అద్దం ముందు నిలబడి చూసుకోవడం అవసరం. చిగురు అంచులు ఎర్రగా ఉబ్బి మెరుస్తున్నాయా, పళ్లు మునుపటికంటే పొడవుగా కనిపిస్తున్నాయా, కొత్తగా సందులు ఏర్పడి అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయా, నొక్కితే చీము వస్తోందా, పన్ను కదులుతోందా అని గమనించండి. ఎంత తోమినా పోని దుర్వాసన కూడా ఒక సూచనే. మనలో చాలామందికి చిగుళ్లపై నలుపు పుట్టుకతోనే ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. సిగరెట్టు, బీడీ, చుట్ట తాగేవారికి మాత్రం ఒక హెచ్చరిక: పొగాకు చిగుళ్లకు రక్తప్రసరణను తగ్గిస్తుంది కాబట్టి, లోపల వ్యాధి ముదిరినా రక్తం కనిపించకపోవచ్చు.

చికిత్సలో మొదటి మెట్టు స్కేలింగ్, అంటే దంతవైద్యుడు గారను తొలగించడం, మనవాళ్లు క్లీనింగ్ అనేది ఇదే. దీనివల్ల పళ్లు వదులవుతాయన్న భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేసి, చివరికి పళ్లే పోగొట్టుకునేవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. అప్పటికే ఎముక కరిగిన పళ్లను సందుల్లో పేరుకున్న గార కొంతవరకు పట్టి ఉంచుతుంది. అది పోగానే ఖాళీ బయటపడి, ఉన్న కదలిక తెలుస్తుంది. ఆ కదలిక తెచ్చింది వ్యాధే. స్కేలింగ్ తరువాత కొన్ని రోజులు చల్లనీళ్లు తగిలితే జివ్వుమనడం మామూలే. వైద్యుడు సన్నటి కొలత పుల్లతో పంటికీ చిగురుకూ మధ్య సందు లోతు చూస్తారు: 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే సాధారణం, అంతకు మించి రక్తం కూడా వస్తుంటే వేర్ల వరకు శుభ్రం చేయవలసి రావచ్చు, అప్పటికీ తగ్గని చోట చిగురును తెరిచి శస్త్రచికిత్స చేస్తారు. ఖర్చుకు వెనకాడేవారు హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలకు వెళ్లవచ్చు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కోవడం మాత్రం వద్దు, వాటితో గార కరగదు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపు మందు కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి, ఎక్కువకాలం వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి.

నివారణకు మెత్తటి బ్రష్ చాలు. దాన్ని చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, చిన్న చిన్న కదలికలతో, ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి రెండేసి నిమిషాలు తోమాలి. రాత్రి తోమడం మన ఇళ్లలో తక్కువ, కానీ నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి దాన్ని వదలకూడదని నా గట్టి అభిప్రాయం. పళ్ల సందుల్లోకి బ్రష్ చేరదు. అక్కడ ఫ్లాస్ దారం గాని, సందు వెడల్పుకు సరిపోయే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ గాని వాడాలి. ఇటుక పొడి, బొగ్గు పొడి పంటిని అరగదీసి చిగురును గీరుతాయి. వేపపుల్ల అలవాటున్నవారు దాన్ని బాగా నమిలి మెత్తని కుచ్చుగా చేసుకుని వాడాలి.

మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. గర్భిణులకు హార్మోన్ల మార్పువల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి. గర్భం సంగతి ముందే చెప్పి స్కేలింగ్ చేయించుకోవచ్చు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులతో కొందరికి చిగురు పెరుగుతుంది. అలా అనిపిస్తే బిళ్లలు సొంతంగా మానేయకుండా, రాసిన వైద్యుడికే చెప్పండి. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.