ఆరోగ్య పరిశోధన నిధులకు దరఖాస్తు చేసే ముందు జాగ్రత్తలు

ప్రకటనను చివరి పేజీ వరకు చదవండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), హైదరాబాదులో కార్యాలయమున్న ఇండియా అలయన్స్ వంటి నిధులిచ్చే సంస్థల అర్హత నియమాలు ఒక్కటి కావు.

రోగుల నుంచి నమూనాలు, వివరాలు సేకరించాలంటే పరిశోధన నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. దాన్ని ఆఖరి వారానికి వదిలేయకండి. క్లినికల్ ట్రయల్ (మనుషులపై చికిత్సను పరీక్షించే అధ్యయనం) అయితే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే సీటీఆర్ఐ అనే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. సమ్మతి పత్రం తెలుగులో, రోగికి నిజంగా అర్థమయ్యేలా ఉందా? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

బడ్జెట్‌లో జీతాలు, రసాయనాలు, ప్రయాణాలు విడివిడిగా చూపి, ప్రతి ఖర్చుకూ కారణం రాయండి. పరికరాల నిర్వహణ ఖర్చు మరవకండి.

విదేశీ భాగస్వామి ఉంటే అలాంటి ఉమ్మడి పరిశోధనలను పరిశీలించే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ నియమాలు చూసుకోండి.

సంస్థాధిపతి సంతకం ముందే తీసుకోండి.