బరంపురం నుంచి విశాఖకు: పిల్లలను యుద్ధ ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళే పద్ధతి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలకు దగ్గరలో ఉన్న యుద్ధ చరిత్ర ప్రదర్శనశాలలు విశాఖ సాగరతీరంలోనివే. ఏటా ఎన్నో బడులు పిల్లలను అక్కడికి తీసుకువెళుతున్నా, చాలామంది ఫొటోలు దిగి, ఐస్‌క్రీం తిని తిరిగి వస్తున్నారు. ఆ యాత్ర పాఠంగా నిలవాలంటే దాన్ని రైల్వే స్టేషన్‌లో కాదు, పిల్లల ఇళ్ళలో మొదలుపెట్టాలని నా అనుభవం.

ప్రయాణానికి నెల ముందు, ఇంట్లో యుద్ధానికి సంబంధించిన జ్ఞాపకం కానీ వస్తువు కానీ ఉందేమో పెద్దవాళ్ళను అడిగి రమ్మని పిల్లలకు చెప్పండి. మన ప్రాంతంలో ఈ ప్రశ్న వృథా పోదు. గోపాలపురం రేవులో ఓడ ఎక్కి కూలికో వ్యాపారానికో ‘రంగం’ (బర్మాలోని రంగూన్) వెళ్ళిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. ఒక సంవత్సరం మా తరగతిలోని అమ్మాయి తన ముత్తాత తెచ్చిన లక్క పెట్టెను పాత చీర ముక్కలో చుట్టి తీసుకువచ్చింది. అంచున నల్లని లక్క రాలిపోయి, లోపలి వెదురు అల్లిక కనబడుతున్నది. అంత దూరం నడిచిన మనిషి అన్నీ వదిలేసి దీన్నే ఎందుకు మోసుకొచ్చాడని పిల్లలు అడిగారు. యుద్ధంలో మనిషి వెంట ఏముంటుందన్న ఆ ప్రశ్ననే పుస్తకాల మొదటి పేజీలో రాయించి విశాఖకు తీసుకువెళ్ళాను.

యాత్రకు ముందు ఒక ఆదివారం పురుషోత్తంపురం దగ్గర అశోకుని శిలాశాసనాలున్న జౌగడకు వెళ్ళి రావడం ఎంతో మేలు చేస్తుంది. విశాఖ ఖర్చు భరించలేని పిల్లలకు ఇదే యాత్ర అవుతుంది కనుక దీన్ని తప్పక పెట్టుకోండి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షా యాభైవేలమందిని చెరపట్టి తరలించారని అశోకుడు చెప్పుకున్న పదమూడవ శిలాశాసనం జౌగడలో కానీ, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో కానీ శిలలపై లేదు. దాని స్థానంలో కళింగ ప్రజల పాలన గురించి అధికారులకు ఇచ్చిన ప్రత్యేక ఆజ్ఞలు ఉన్నాయి. ఓడిన నేల మీద ఆ మాట ఎందుకు చెక్కించలేదో పిల్లలనే ఆలోచించనివ్వండి, జవాబు మీరు చెప్పవద్దు.

కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. మిగతా రోజుల వేళలు మారుతుంటాయి కాబట్టి, పిల్లల సంఖ్యతో ముందుగానే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. వివరణ తెలుగులో కావాలని ఆ ఉత్తరంలోనే కోరండి. ఒడియాలో చదువుకుంటూ ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే పిల్లలు, నౌకాదళంలో పనిచేసి వచ్చిన మనిషి నోట తమ భాష వింటున్నప్పుడు ముందుకు జరిగి నిలబడడం నేను చూశాను.

లోపల గదికీ గదికీ మధ్య గుండ్రని ఇరుకు ద్వారాలుంటాయి, ఒంగి కాలు ముందు పెట్టి దాటాలి. అందుచేత పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టు కురుసురలో ఉండగా మరొకటి ఎదురుగా ప్రదర్శనకు పెట్టిన నౌకాదళ నిఘా విమానం టీయూ-142ను చూసేలా ఏర్పాటు చేయండి. 1969 నుంచి 2001 వరకు సేవలందించిన ఈ జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లే. టార్పెడోల పక్కనే ఉన్న పడకల దగ్గర ఆగి, ఇక్కడ పడుకున్న నావికుడు తన వెంట ఏం తెచ్చుకోగలడో పిల్లలను రాయమనండి.

1971 డిసెంబరులో విశాఖ సమీపంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ గురించి చెప్పేటప్పుడు, అందులోని వారంతా మరణించారని, మునగడానికి కారణంపై రెండు దేశాల కథనాలు వేరని కూడా చెప్పండి. దీనివల్ల మన నావికుల ధైర్యం తగ్గిపోదు; చరిత్రను ఎలా పరిశీలించాలో పిల్లలకు తెలుస్తుంది.

డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం. 2024లో ప్రధాన ప్రదర్శన పూరీ తీరంలో జరిగింది. ఇటువంటి రోజుల్లో జనసమ్మర్దం విపరీతంగా ఉంటుంది, చిన్న తరగతుల పిల్లలను తీసుకువెళ్ళవద్దు.

తిరిగి వచ్చిన రెండు వారాల్లోగా బడిలోనో, వీధి గ్రంథాలయంలోనో ఒక పూట ప్రదర్శన పెట్టి ఊరివారిని పిలవండి. వస్తువు పేరు, ఎవరి ఇంటిది, ఎలా వచ్చిందన్నది తెలుగులోనూ ఒడియాలోనూ పిల్లలే చీటీలపై రాయాలి. వస్తువు పక్కన కుర్చీ వేసి ఆ ఇంటి పెద్దవారిని కూర్చోబెడితే ఉపన్యాసాల అవసరమే ఉండదు. తెచ్చిన ప్రతి వస్తువుకూ రసీదు ఇచ్చి, పాత పగుళ్ళు, రాలిన రంగు అందులో నమోదు చేసి, ఆ సాయంత్రమే మీ చేతులతో వాళ్ళ ఇంట అప్పగించండి.